సూది కంటే ముందు బొమ్మ: ఆసుపత్రికి తిరిగే పిల్లలకు ఏది ఎంచుకోవాలి?

మా చెల్లెలి కూతురికి అయిదో ఏట టైప్ 1 మధుమేహం, అంటే రోజూ ఇన్సులిన్ తీసుకోక తప్పని చక్కెర జబ్బు, బయటపడింది. ఒడిశాలోని మా బరంపురంలో ఒక ఆసుపత్రి వార్డు, మూడో రోజు సాయంత్రం. నర్సు వచ్చి ఎంతో మెత్తగా, "కొష్టొ హేఉఛి కి?" అని ఒడియాలో అడిగింది. నొప్పిగా ఉందా అని. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. వీధిలో ఒడియా వింటూ పెరిగిన పిల్లే కనుక ఆ మాట అర్థం కాక కాదు. నొప్పి చెప్పుకోవడానికి మాత్రం దానికి ఇంటి భాష తెలుగు ఒక్కటే వచ్చు. ఆ రాత్రి మా అమ్మ తన పాత నూలు చీర చెంగు చింపి, లోపల దూది కూరి, కళ్లూ ముక్కూ లేని బొమ్మ ఒకటి కుట్టింది. మర్నాడు నర్సు సూదికి ముందు బొమ్మ చేతికి దూదితో స్పిరిట్ రుద్దింది. పిల్ల కాసేపు చూసి, తన గౌను చేతిని తానే పైకి మడుచుకుంది.

ఆ తర్వాత నేను చాలా బొమ్మలు కుట్టాను, కొన్నాను, కొన్నింటిని పక్కన పడేశాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి తెలిసినవాళ్లు ఇదే ప్రశ్న అడుగుతుంటారు: "ఏ బొమ్మ కొనమంటారు?" బొమ్మ పేరు చెప్పే ముందు నేను వాళ్లను కొన్ని విషయాలు అడుగుతాను. ఇక్కడా అలాగే మొదలుపెడతాను.

## ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, బొమ్మ ఏ పనికి? పనులు నాలుగు రకాలు. రాబోయే ఆపరేషనో స్కానో ఎలా ఉంటుందో ముందుగా చూపించడం ఒకటి. ఇన్సులిన్, ఇన్హేలర్ లాంటి రోజువారీ వైద్యం నేర్పడం రెండోది. "నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు" అనిపించడం మూడోది. రాత్రి పక్కన పెట్టుకుని పడుకోవడానికి తోడు నాలుగోది. ఒకే బొమ్మ ఈ నాలుగూ చేయలేదు. డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన చేస్తుందని కూడా అనుకోవద్దు.

రెండోది, పిల్ల వయసు. మూడేళ్ల లోపు పిల్లలకు బొమ్మను చూపి "రేపు నీకూ ఇలాగే చేస్తారు" అంటే ఆ పోలిక అందదు. బొమ్మ బొమ్మే, తాను తానే. వాళ్లకు బొమ్మ తోడుగా మాత్రమే పనికొస్తుంది. ఈ వయసులో గుండీలు, పూసలు, ఊడివచ్చే కళ్లు ఉన్న బొమ్మ ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. ఏడాది లోపు పసివాళ్లు నిద్రపోయే చోట మెత్తటి బొమ్మలు అసలు ఉంచకూడదు. నాలుగేళ్లు దాటాకే బొమ్మతో నేర్పడం ఫలిస్తుంది.

మూడోది, ఉతకడానికి వీలు. ఇది చాలామందికి తట్టదు. కీమోథెరపీలో, అంటే క్యాన్సర్ మందుల వైద్యంలో, ఉన్న పిల్లకు క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి, మురికి బొమ్మ ప్రమాదం. ఉబ్బసం ఉన్న పిల్లకు దుమ్ము పేరుకున్న బొచ్చు బొమ్మ జబ్బును పెంచేదే అవుతుంది.

నాలుగోది, మార్చుకునే వీలు. జబ్బు ఒకచోట నిలవదు. ఈ నెల చేతికి సెలైన్ సూది, వచ్చే నెల ఛాతీ మీద కుట్లు, ఆ తర్వాత కాలికి కట్టు. వాటితో పాటు బొమ్మా మారగలగాలి.

దొరకడం గురించి వేరే చెప్పనక్కరలేదు. బరంపురంలో ఉన్నవాళ్లకు ఉన్న వీలు కాశీనగర్ వాళ్లకు ఉండదు. రాయగడ వాళ్లు ఎలాగూ చూపించుకోవడానికి విశాఖపట్నం రైలెక్కుతుంటారు కనుక కొన్ని అక్కడే కొనుక్కోవచ్చు.

## ముఖం లేని గుడ్డ బొమ్మ

నా మొదటి ఓటు దీనికే, అందుకని దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మల్లు గుడ్డతోనో మెత్తబడిన పాత నూలు చీరతోనో మనిషి ఆకారం కత్తిరించి కుట్టి, దిండ్లలో నింపే ఫైబర్ దూది పెడతారు. ముఖం గీయరు. పిల్లలకు ధైర్యం చెప్పే శిక్షణ పొందినవాళ్లు ఉన్న విదేశీ ఆసుపత్రుల్లో ఇలాంటి తెల్లటి బొమ్మలను ఎంతోకాలంగా వాడుతున్నారు. ముఖం పిల్ల గీస్తుంది, అసలు కిటుకు అక్కడే ఉంది. నవ్వే ముఖం కుట్టి ఇస్తే పిల్ల కూడా నవ్వాలని మనం చెప్పినట్టు అవుతుంది. ఖాళీ ముఖం ఇస్తే పిల్ల లోపల ఏముందో బయటికి వస్తుంది. ఒకసారి ఎనిమిదేళ్ల పిల్లవాడు బొమ్మకు నోరు గీయలేదు. ఎందుకు నాన్నా అని వాళ్ల అమ్మ అడిగితే, "వీడు అరిస్తే అందరూ తిడతారు" అన్నాడు. ఆ ముందురోజు సూది వేసేటప్పుడు పెద్దవాళ్లు "అరవకు" అని గద్దించారని అప్పుడు బయటపడింది. ఏ ఖరీదైన బొమ్మా ఆ మాట చెప్పించలేదు.

కొలత విషయం. మూర కంటే కొంచెం తక్కువ, అంటే 35 నుంచి 40 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. ఇంకా చిన్నదైతే చేతికి కట్టు కట్టడం, ప్లాస్టర్ అంటించడం కష్టం. చేతులు లావుగా, వేళ్లు లేకుండా ఉంటే చాలు. కుట్లు రెండు వరసలు వేయండి, లేకపోతే పిల్ల లాగినప్పుడు దూది బయటికి వచ్చి అది వేరే భయానికి దారితీస్తుంది. మా ఊరి పట్టు ముక్కలు అందంగా ఉంటాయి కదా అని ఒకసారి బరంపురం పట్టుచీర అంచుతో గౌను కుట్టాను. జరీ గరుకుకు పిల్ల చెంప ఎర్రబడింది. పట్టు వద్దు, నూలే మేలు.

ముఖం గీయడానికి బట్టల మీద రాసే, ఉతికినా పోని పెన్ను ఒకటి చాలు. ముఖం మార్చాలంటే పాత ముఖం మీద తెల్లటి గుడ్డ ముక్క కుట్టేయవచ్చు. ఇనుప గుండీలు, జిప్పులు, అయస్కాంతాలు పెట్టకండి. ఎంఆర్ఐ గదిలోకి లోహం పోకూడదు. దారంతో కుట్టిన కళ్లున్న బొమ్మను కూడా అక్కడి టెక్నీషియన్ను అడిగిన తర్వాతే లోపలికి తీసుకెళ్లాలి.

లోటు కూడా చెబుతాను. కుట్టడానికి ఒక రోజు పడుతుంది. లోపలి దూది తొందరగా ఆరదు, వానాకాలంలో వాసన పట్టేస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండో పిల్లకూ ఒకటి కుట్టక తప్పదు.

## దుకాణంలో దొరికే "జబ్బు ఉన్న" బొమ్మలు

బార్బీ బొమ్మల్లో 2019లో చక్రాల కుర్చీ ఉన్నదీ కృత్రిమ కాలు ఉన్నదీ వచ్చాయి. 2022లో చెవి వెనక వినికిడి యంత్రం ఉన్న బొమ్మ, 2023లో డౌన్ సిండ్రోమ్ ఉన్న బొమ్మ, 2025 జూలైలో టైప్ 1 మధుమేహం ఉన్న బొమ్మ వచ్చాయి. ఈ చివరి బొమ్మకు చేతి మీద చక్కెర కొలిచే సెన్సరు, నడుము దగ్గర ఇన్సులిన్‌ను ఒంట్లోకి పంపే చిన్న యంత్రం, అంటే పంపు, ఉంటాయి.

వీటి బలం మూడో పని దగ్గర కనిపిస్తుంది. వినికిడి యంత్రం పెట్టుకుని బడికి వెళ్లాలంటే సిగ్గుపడే తొమ్మిదేళ్ల అమ్మాయికి, అందరూ మెచ్చే బొమ్మ చెవికి కూడా అలాంటి యంత్రమే ఉండటం చిన్న విషయం కాదు. అలాంటి పిల్లకు కొనిపెట్టండి, నేను వద్దనను.

నేర్పడానికి మాత్రం ఇవి అంతగా పనికిరావు. మన వైపు పిల్లల్లో ఎక్కువమంది ఇన్సులిన్ సిరంజితోనో పెన్నుతోనో తీసుకుంటారు. పంపు ఉన్న బొమ్మను చూసి "నాకెందుకు అలాంటిది లేదు?" అని పిల్ల అడిగితే తల్లిదండ్రుల దగ్గర జవాబు ఉండదు. గట్టి ప్లాస్టిక్ ఒంటికి కట్టు కట్టినా నిలవదు. 1997లో చక్రాల కుర్చీతో వచ్చిన బార్బీ స్నేహితురాలు బెకీ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది: ఆ కుర్చీ బార్బీ బొమ్మరిల్లు లిఫ్టులో పట్టలేదు. ఇంటికి తెచ్చే ముందు ఆ బొమ్మ మీ పిల్ల బతుకులో పడుతుందా అని చూసుకోవాలి.

మధుమేహం ఉన్న పిల్లల కోసం రూఫస్ అనే ఎలుగుబంటి బొమ్మ ఒకటి అమెరికాలో ఉంది. సూది వేసే చోట్లలో దాని ఒంటి మీద రంగు గుడ్డ ముక్కలు ఉంటాయి. తెప్పించుకోవడం కష్టం కానీ ఆ ఉపాయం చాలా మంచిది, ఇంట్లో చేసుకోవచ్చు. ఎలాగో కింద చెబుతాను.

## టెడ్డీ బొమ్మ

ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరైనా బహుమతిగా ఇస్తారు. రాత్రి తోడుకు దీన్ని మించింది లేదు. మగపిల్లలకు బొమ్మ ఇవ్వడమేమిటని తాతగారు ముఖం చిట్లించే ఇళ్లలో ఎలుగుబంటి, పులి, ఏనుగు ఏ మాటా పడకుండా లోపలికి వస్తాయి. పిల్లవాడికి ఏడేళ్లు దాటితే నేను కూడా జంతువునే సూచిస్తాను.

కానీ బొచ్చు మీద ప్లాస్టర్ అంటదు, గీయడానికి వీలుండదు. ఉబ్బసం ఉంటే పొట్టి నూలు బొచ్చున్న చిన్న టెడ్డీ ఒక్కటి చాలు. వేడి నీళ్లలో, అంటే 60 డిగ్రీల దాకా కాగిన నీళ్లలో, తరచుగా ఉతకండి. అంత వేడికి తట్టుకోనిదైతే ప్లాస్టిక్ సంచిలో కట్టి ఒక రోజంతా ఫ్రిజ్ పైన మంచు కట్టే అరలో ఉంచితే దుమ్ము పురుగులు చస్తాయి. ఆ తర్వాత ఉతికి దులపాలి. మూర్ఛ ఉన్న పిల్ల మంచం మీద, ముఖ్యంగా రాత్రి ఒంటరిగా పడుకునే పిల్ల దగ్గర, పెద్ద టెడ్డీలు వద్దు. ముఖం దానికి ఆనితే ఊపిరి ఆడదు.

## కర్ర బొమ్మలు, కొమ్ము బొమ్మలు

మన చుట్టుపక్కల బొమ్మల చేతిపనికి కొదవ లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగులు ఎక్కించి చేసే బొమ్మలు నున్నగా, అంచులు గుండ్రంగా ఉంటాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చింది. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రం. మంచం దిగకూడని పిల్లకు చిన్న చిన్న కర్ర మనుషులు, బండ్లు ఇచ్చి, దుప్పటి మడతల్లో ఆసుపత్రి ఆట ఆడించవచ్చు. ఒకడు డాక్టరు, ఒకరు సిస్టర్, ఒకరు అమ్మమ్మ. కథ నడపడానికి ఇవి చాలా బాగుంటాయి.

పశువుల కొమ్ముతో చేసే పర్లాకిమిడి బొమ్మలు, ఒళ్లు వంగే బెల్లగుంఠ ఇత్తడి చేప మాత్రం అల్మారాలోనే ఉండనివ్వండి. కొమ్ము కొంగల ముక్కులు, కాళ్లు సన్నగా ఉండి విరిగితే గుచ్చుకుంటాయి. చేప పొలుసుల మధ్య చిన్న వేళ్లు నలుగుతాయి. ఇవి పెద్దవాళ్లు చూసి మురిసిపోయే పనితనం.

కొనేటప్పుడు ఒక సంగతి. మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతిపనివాళ్లు చేసినవాటికీ భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఉంది. అంటే ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేకపోతే అనుమానించనక్కరలేదు. సంతలో గుట్టగా పోసి అమ్మే ప్లాస్టిక్ బొమ్మ మీద లేకపోతే తప్పక అనుమానించాలి.

## ప్లాస్టిక్ పాప బొమ్మ

స్నానం పోయించే పాప బొమ్మ. సబ్బునీళ్లతో కడిగి తుడిచేస్తే అయిపోతుంది కనుక కీమో తీసుకుంటున్న పిల్లకు నేను ముందు సూచించేది ఇదే. కీళ్లలో, లోపలి బోలులో నీళ్లు నిలిచే రకం వద్దు, లోపల బూజు పడుతుంది. పిండితే కూత వేసే బొమ్మలూ అలాంటివే.

## ఒక చూపులో

| బొమ్మ | ముందుగా చూపించడం | రోజువారీ వైద్యం నేర్పడం | నాలాంటిదే అనిపించడం | రాత్రి తోడు | శుభ్రత |
|---|---|---|---|---|---|
| ముఖం లేని గుడ్డ బొమ్మ | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | పిల్ల గీసినదాన్ని బట్టి | బాగుంటుంది | ఉతకవచ్చు, ఆరడం ఆలస్యం |
| బార్బీ తరహా | అంతంత మాత్రం | తక్కువ | చాలా బాగుంటుంది | తక్కువ | తుడవవచ్చు |
| టెడ్డీ | కొంతవరకు | కొంతవరకు | తక్కువ | చాలా బాగుంటుంది | శ్రద్ధ కావాలి |
| కర్ర బొమ్మలు | కథగా చెప్పడానికి | తక్కువ | తక్కువ | పనికిరావు | తుడవవచ్చు |
| ప్లాస్టిక్ పాప | బాగుంటుంది | కొంతవరకు | తక్కువ | కొంతవరకు | అన్నిటికంటే సులువు |

## జబ్బును బట్టి

టైప్ 1 మధుమేహం. గుడ్డ బొమ్మ. కడుపు, రెండు తొడలు, భుజాల వెనక భాగం, పిరుదులు, ఈ చోట్లలో ఒక్కో రంగు గుడ్డ ముక్క కుట్టండి. ఒకేచోట పదేపదే సూది వేస్తే చర్మం కింద గడ్డలు కట్టి ఇన్సులిన్ సరిగా ఒంటపట్టదు, అందుకే చోటు మారుస్తుండాలి. మా పిల్లకు సోమవారం పసుపు, మంగళవారం ఎరుపు. ప్రతి రంగు లోపల కూడా వేలెడు జరిగి వేస్తాం. "ఈ రోజు బొమ్మకు ఏ రంగు?" అని అడిగితే అదే చెబుతుంది, తన సూదికి చోటు తానే ఎంచుకున్నట్టు అవుతుంది. సూది తప్పదు, ఎక్కడ అనేది మాత్రం దాని చేతిలో ఉంటుంది. అయిదేళ్ల పిల్లకు ఆ ఒక్క హక్కు ఎంత ఊరటో నేను రోజూ చూస్తున్నాను.

సికిల్ సెల్, తలసీమియా. రెండూ పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఎన్నో. చలి, ఒంట్లో నీళ్లు తగ్గడం నొప్పులను రేపుతాయి. అందుకని ఆ పిల్లల గుడ్డ బొమ్మకు ఒక స్వెటరు, ఒక చిన్న నీళ్ల సీసా చేర్చండి. బడికి వెళ్లే ముందు బొమ్మకు నీళ్లు పట్టి, తానూ తాగాలి. తలసీమియా పిల్లకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. బొమ్మ చేతికి సన్నని గొట్టం, ఎర్రటి గుడ్డ సంచీ కట్టి పక్కన పెడితే ఆ గంటలు ఒంటరిగా గడవవు. గొట్టం పొట్టిగా ఉండాలి, మెడకు చుట్టుకునేంత పొడవు వద్దు.

క్యాన్సర్. ప్లాస్టిక్ పాప, దానికి తీసి పెట్టుకునే ఊలు జుట్టు. కీమో మొదలయ్యే ముందే బొమ్మ జుట్టు తీసి చూపించి, మందు వల్ల రాలుతుందనీ తర్వాత మళ్లీ వస్తుందనీ చెప్పండి. సింహాచలంలో తలనీలాలు ఇవ్వడం మన పిల్లలు చూసే ఉంటారు, గుండు వాళ్లకు కొత్త కాదు. అయినా "దేవుడికి ఇచ్చేశావు" అని అబద్ధం చెప్పవద్దు. తాను ఇవ్వలేదని పిల్లకు తెలుసు.

గుండె, పొట్ట ఆపరేషన్లు. గుడ్డ బొమ్మ. ఛాతీ మధ్య ఎర్రదారంతో కుట్లు వేసి చూపించవచ్చు, కానీ కోసినట్టు చూపించవద్దు. మెలకువ వచ్చాక ఎక్కడ ఏ గొట్టం, ఏ పట్టీ ఉంటుందో అదే చూపించండి. ఐసీయూలోకి బొమ్మను రానిస్తారో లేదో ముందే అడగండి. కొన్నిచోట్ల కొత్తగా ఉతికి సంచిలో పెట్టి ఇస్తేనే తీసుకుంటారు.

వినికిడి యంత్రం, కాలికి కట్టు. మొదటిదానికి బార్బీ, లేదా ఉన్న టెడ్డీ చెవి వెనక బంకమట్టి రంగు గుడ్డతో చిన్న యంత్రం కుట్టడం. రెండోదానికి ఏ బొమ్మైనా సరే, డాక్టరు కట్టు వేసేటప్పుడు చివరి ముక్క అడిగి బొమ్మ కాలికీ చుట్టించండి. అడిగితే చాలామంది చేస్తారు.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, చిన్నపిల్లలకు ముందురోజు, నాలుగు నుంచి ఆరేళ్లవాళ్లకు మూడు నాలుగు రోజుల ముందు, అంతకంటే పెద్దవాళ్లకు వారం ముందు. మరీ ముందుగా చెబితే రాత్రులు నిద్ర పట్టదు.

## ఇంట్లో పెద్దవాళ్ల అభ్యంతరం

ఇది రాయకుండా ఉండలేను. ఒక ఇంట్లో బొమ్మకు సూది గుచ్చుతున్న మనవరాలిని చూసి మామ్మగారు హడలిపోయి బొమ్మను పొయ్యిలో పడేశారు. మన పల్లెల్లో బొమ్మకు సూది అంటే చేతబడి, చిల్లంగి గుర్తుకొస్తాయి. ఆమెది మూర్ఖత్వం అనుకోవడం తేలిక. ఆమె మనవరాలి మీద ప్రేమతోనే భయపడింది.

అందుకే రెండు పనులు చేయండి. బొమ్మకు అసలు సూది గుచ్చవద్దు. మందుల దుకాణంలో కొత్త సిరంజి కొని, సూది తీసి పారేసి, గొట్టం ఒక్కటే ఆటకు ఇవ్వండి. వాడిన సూది, వాడిన సిరంజి ఎట్టి పరిస్థితిలోనూ బొమ్మల పెట్టెలోకి రాకూడదు. రెండోది, బొమ్మను ఆ మామ్మగారి చేతనే కుట్టించండి. తన చీరతో తాను కుట్టిన బొమ్మను ఎవరూ అనుమానించరు. మా అమ్మ అలా కుట్టిన బొమ్మకు ప్రతి పండక్కీ కొత్త గౌను వస్తుంది.

పెద్దవాళ్లు మానుకోవలసినదీ ఒకటి ఉంది. అన్నం తినకపోతే "డాక్టరు చేత సూది వేయిస్తా" అని బెదిరించే ఇంట్లో ఏ బొమ్మా పని చేయదు. "నొప్పే ఉండదు" అనే మాట కూడా వద్దు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అని బొమ్మకు చెప్పండి, పిల్ల వింటుంది.

## రేపే ఆసుపత్రికి వెళ్లాలంటే

కుట్టే సమయం లేదు, దుకాణాలు మూసేశారు. అప్పుడు ఇంట్లో ఉన్న ఉతికిన నూలు తువ్వాలు తీసుకోండి. ఒక చివర గుండ్రంగా చుట్టి దారంతో కడితే తల. రెండు మూలలు లాగి ముడివేస్తే చేతులు. మిగిలింది గౌను. పేరు పిల్లనే పెట్టమనండి. పెన్ను కూడా పిల్ల చేతికే ఇచ్చి, ముఖం గీయాలనుకుంటే గీయమనండి, లేకపోతే అలాగే ఉండనివ్వండి. ఉదయం బస్సులో ఆ తువ్వాలు బొమ్మ చేతికి ప్లాస్టర్ ఒకటి అంటించి, "దీనికి ఎక్కడ నొప్పి?" అని తెలుగులో అడగండి.